ఐదో మెట్టు ఎక్కని వైద్యుడు

భీమవరంలో సోమశేఖర్ అనే కుర్రాడు ఉండేవాడు; ఏ పనీ చేతికి పట్టుబడకముందే వాడి మనసు పక్క పని మీదికి పారిపోయేది. హోటల్‌కి వెళితే ఇడ్లీ చెప్పేవాడు. పక్క బల్ల మీద పెసరట్టు కనబడగానే ఇడ్లీ వద్దనేవాడు. పెసరట్టు వచ్చేలోగా ఎవరో పూరీ తింటూ కనబడేవారు. "బాబూ, మీరు అందరూ తినేసి వెళ్ళాక చెప్పండి" అని ఒకసారి సర్వరే దండం పెట్టాడు. అలాగని సోము చెడ్డవాడేం కాదు. ఎవరికి కష్టమొచ్చినా అందరికంటే ముందు పరిగెత్తేవాడు. కాకపోతే ఎటు పరిగెడుతున్నాడో సగం దారిలో మరిచిపోయేవాడు.

సోముకి ఒక ఆన్‌లైన్ ఆట అంటే ప్రాణం. దాని పేరు ఏడుకోనల రాజ్యం. అందులో ఎవరికి వాళ్ళు ఒక వీరుణ్ణి తయారుచేసుకుని, జట్టుగా కొండలూ గుహలూ తిరుగుతూ రాక్షసులతో పోరాడాలి. సోము జట్టులో ఇంకా ఇద్దరే ఉండేవారు. ఒకరు వాడి సొంత పిన్ని రత్నమాల. తణుకులో బ్లౌజులు కుట్టే షాపు ఆవిడది. రెండోది సోముతో డిగ్రీ చదివిన నజీరా. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ముగ్గురూ ఎవరి ఇంట్లో వాళ్ళు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునేవారు.

పిన్నికి ఈ ఆట అంటించినవాడు సోమే. మూడేళ్ళ కిందట ఆవిడ కాలు విరిగి ఆరు నెలలు మంచాన పడింది. అప్పుడు కాలక్షేపానికని నేర్పాడు. ఆవిడ డాలు పట్టుకునే వీరనారిని తయారుచేసి, ఉక్కురత్నం అని పేరు పెట్టుకుంది. "నేను మంచం దిగలేని రోజుల్లో నా బదులు కొండలెక్కింది ఇదేరా" అని ఎన్నోసార్లు అనేది. కాలు బాగయ్యాక కూడా ఉక్కురత్నాన్ని వదల్లేదు. కడుపున పుట్టిన పిల్లలా చూసుకునేది.

ఆ ఆటలో లెవెల్‌ని మెట్టు అంటారు. మెట్టు ఎక్కినప్పుడల్లా ఆట ఒక ప్రశ్న అడుగుతుంది: "ఉన్న విద్యలోనే పైకి వెళతావా, కొత్త విద్య మొదలుపెడతావా?" కొత్తది కలుపుకోవడాన్ని ఆడేవాళ్ళు మల్టీక్లాస్ అంటారు. సోము వైద్యుడు. వైద్యంలో ఐదో మెట్టు ఎక్కితే ప్రాణదీపం అనే మంత్రం వస్తుంది. పడిపోయిన వీరుల్ని అది లేపుతుంది. సోము చకచకా నాలుగు మెట్లు ఎక్కేశాడు. ఇంకొక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడే ఆటలోని సంతలో ఎవరో ఒక కత్తివీరుడు మెరుపులు రాలేలా కత్తి తిప్పుతూ కనబడ్డాడు. "ఒక్క మెట్టేగా, వచ్చేసారి వైద్యం" అనుకుని సోము కత్తి నేర్చుకున్నాడు. వచ్చేసారి ఎవరో వేలి చివర నిప్పు పుట్టించారు. "ఒక్క మెట్టేగా" అని మాయ నేర్చుకున్నాడు. ఆ తర్వాత తాళాలు తీసే విద్య, దాని తర్వాత పాట. ఆట మాత్రం వాడి నెత్తి మీద మొదటి విద్య పేరూ మొత్తం మెట్లూ కలిపి "వైద్యుడు, 8" అని గొప్పగా చూపించేది. అది చూసి పిన్నీ నజీరా మురిసిపోయేవారు. సోము కూడా వాళ్ళతో కలిసి మురిసిపోయేవాడు.

ఒక ఆదివారం ముగ్గురూ మంచుగుహ ముందుకి చేరారు. ఎనిమిదో మెట్టువాళ్ళకి గానీ ఆ తలుపు తెరుచుకోదు. తలుపు మీద ఇలా రాసి ఉంది: "ఇక్కడ పడినవారిని అరవై అంకెలు లెక్కపెట్టేలోగా లేపకపోతే, వారు ఆటలో ఇక ఎప్పటికీ ఉండరు."

"అమ్మో!" అంది పిన్ని. "ఒరేయ్ సోమూ, ప్రాణదీపం ఉంది కదా నీ దగ్గర?"

"ఎనిమిదో మెట్టు వైద్యుణ్ణి పక్కన పెట్టుకుని ఏం మాటలు పిన్నీ!" అన్నాడు సోము.

చూశారా, వాడు అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. లోపలికి వెళ్ళాక ఏదో ఒకటి చూసుకోవచ్చులే అనుకున్నాడు.

గుహ లోపల తాటిచెట్టంత మంచురాకాసి కూర్చుని ఉన్నాడు. చేతిలో మంచుగద. పిన్ని డాలు ఎత్తి ముందుకు నడిచింది. నజీరా బాణాలు సంధించింది. వైద్యుడు వెనక నిలబడాలి కదా? సోము నిలబడలేదు. కొత్త విద్యలన్నీ ఒకేసారి చూపించాలని వాడి చేతులు దురద పెట్టాయి. ఒక నిప్పురవ్వ విసిరాడు. ఒక పాట ఎత్తుకున్నాడు.

"నువ్వు పాటెప్పుడు నేర్చావురా?" అంది పిన్ని ఆశ్చర్యంగా.

సోము అప్పటికే కత్తి దూసి ముందుకు ఉరికాడు. రాకాసి గద పైకి లేచింది. అది సరిగ్గా సోము నెత్తి మీదికే వస్తోంది. పిన్ని ఒక్క గంతులో వాడికి అడ్డం వచ్చి నిలబడింది. డాలు రెండు ముక్కలైంది. ఉక్కురత్నం నేలకూలింది. తెర మీద ఎర్రటి అంకెలు మొదలయ్యాయి: అరవై, యాభై తొమ్మిది...

"దీపం పెట్టు సోమూ!" అని అరిచింది నజీరా.

సోము తన మంత్రాల పట్టీ తెరిచాడు. చిన్న గాయం మాన్పుట. చిన్న నిప్పురవ్వ. చిన్న తాళం తీయుట. చిన్న జోలపాట. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికాడు. అన్నీ చిన్నవే.

"పిన్నీ, నా దగ్గర లేదు" అన్నాడు.

"లేదంటే?"

"వైద్యంలో నాలుగో మెట్టు దగ్గరే ఆగిపోయాను. మిగతావన్నీ... ఒక్కో మెట్టే నేర్చుకున్నాను."

తెర మీద అంకెలు దిగిపోతున్నాయి: నలభై ఆరు, నలభై ఐదు...

"చివాట్లు తర్వాత పెడుదురు గానీ ఆంటీ" అంది నజీరా. "సోమూ, నేనొక పని చేస్తాను. ఇరవై అంకెలు పడుతుంది. అందాకా వాణ్ణి నా దగ్గరికి రానివ్వకుండా ఆపగలవా?"

"చస్తానేమో నజీరా."

"చావకు. లేపేవాళ్ళెవరూ లేరిక్కడ."

సోము జోలపాట పాడాడు. రాకాసి ఒకసారి ఆవులించి, గద మళ్ళీ ఎత్తాడు. నిప్పురవ్వ విసిరాడు. అది రాకాసి గడ్డంలో పడి తుస్సుమంది. కత్తి దూస్తే కత్తే విరిగింది. ఇక విద్యలన్నీ పక్కన పెట్టి, గుహ చుట్టూ పరుగు లంకించుకున్నాడు. ఆ రోజు వాడికి పనికొచ్చింది కాళ్ళు మాత్రమే.

ఈలోగా నజీరా గోడ మీద ఒక గుండ్రటి గీత గీసింది. అది వెలిగి తలుపులా తెరుచుకుంది. ఆ తలుపు వాళ్ళు ఆట మొదట్లో బయల్దేరిన ఊళ్ళోకే దారి. ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని ఉక్కురత్నాన్ని లాక్కుంటూ ఊరి వైద్యశాలలో పడ్డారు. అక్కడ ముసలి వైద్యుడు తాపీగా ఒత్తి చేసి, నూనె పోసి, దీపం వెలిగించాడు. అంకె నాలుగు దగ్గర ఆగింది. ఉక్కురత్నం లేచి కూర్చుంది.

ముగ్గురూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు.

"నీకా తలుపు విద్య ఎక్కడిది?" అన్నాడు సోము చివరికి.

"విలువిద్యలో ఆరో మెట్టుకి జంటబాణాలు వస్తాయి. అవి వచ్చేదాకా నేను అటూ ఇటూ చూళ్ళేదు" అంది నజీరా. "వచ్చాక ఆంటీని అడిగాను, మన జట్టుకి ఏం తక్కువైందని. ‘పారిపోయే దారి లేదే పిల్లా’ అన్నారు. అందుకే చివరి రెండు మెట్లూ మాయ తీసుకున్నాను."

సోము తల దించుకున్నాడు. హెడ్‌ఫోన్‌లో ఎవరికి కనబడుతుంది? అయినా దించుకున్నాడు. "నావల్ల నీ మూడేళ్ళ రత్నం పోయేది పిన్నీ. నేనిక ఈ ఆట మానేస్తాను. వేరే ఏదైనా..."

"ఇదిగో, మళ్ళీ మొదలుపెట్టాడు!" అంది పిన్ని. "ఇది సగంలో వదిలేసి ఇంకోదానిలోకి దూకుతాడట! నన్ను చంపబోయినందుకు కాదురా నా కోపం. లేదని ఒక్క మాట చెప్పుంటే గుహ బయటినుంచే తిరిగి వచ్చేసేవాళ్ళం కదా. నీ దగ్గర లేకపోతే నేనేమైనా కొడతానా? ఎక్కడికీ పోవద్దు. ఒక్క మెట్టు ఎక్కు. వైద్యం. అర్థమైందా?"

"అయింది పిన్నీ."

ఆ తర్వాత ఐదు ఆదివారాలు ఆ జట్టు ఏ గుహ వైపూ వెళ్ళలేదు. సోముని తొమ్మిదో మెట్టు ఎక్కించడానికి బురదమడుగుల్లో కప్పల్ని తరుముతూ తిరిగింది. జంటబాణాల నజీరా కప్పల మీద గురి చూసింది. ఉక్కురత్నం మోకాలి లోతు బురదలో కొత్త డాలు పట్టుకుని నిలబడింది. "చుట్టాలెవరైనా చూస్తే నా పరువేం కావాలిరా" అని నవ్వేదే గానీ, ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఐదో ఆదివారం సోము తొమ్మిదో మెట్టు ఎక్కాడు. ఆట మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. ఈసారి పట్టీలో కొత్తగా గరుడపక్షి సవారీ అనే విద్య బంగారు రంగులో మెరుస్తోంది. నిజం చెప్పాలంటే సోము వేలు అటు జరిగింది. అంతలో బురదలో నిలబడి ఓపిగ్గా ఎదురుచూస్తున్న ఇద్దరూ తెర మీద కనబడ్డారు. వేలు వెనక్కి వచ్చింది. వైద్యం మీద నొక్కాడు. వాడి అరచేతిలో చిన్న దీపం వెలిగింది.

"వచ్చింది పిన్నీ!" అని కేక పెట్టాడు.

"హమ్మయ్య, ఇక కప్పలు కూడా బతుకుతాయి" అంది నజీరా.

సోము నవ్వలేదు. "పిన్నీ, ఆ రోజు నాకు అడ్డం నిలబడ్డావు. సరే, ఆటలో అది నీ పని. కానీ అంత జరిగాక కూడా నన్ను పంపేయలేదు. నజీరా, నువ్వూ అంతే. ఐదు వారాలు నాకోసం కప్పల వెంట పడ్డారు. ఈ మెట్టు నేను ఎక్కింది కాదు, మీరు ఎక్కించింది."

"సరేలే, మరీ ఏడిపించకు" అంది పిన్ని. "పదో మెట్టుకి ఏం తీసుకుంటావు?"

వెనకటి సోమైతే అప్పటికే నాలుగు పేర్లు చెప్పేవాడు. ఇప్పటి సోము, "మనకి ఏం తక్కువైందో మీరే చెప్పండి" అన్నాడు.

పిల్లలూ, సోము పోగొట్టుకోబోయి తెలుసుకున్నది మీరు ఉత్తినే తెలుసుకోండి: చేపట్టిన విద్య పదిమందికి పనికొచ్చే మెట్టు ఎక్కేదాకా దాన్ని విడవకూడదు; ఆ తర్వాతే, మనల్ని నమ్ముకున్నవాళ్ళకి ఏం కావాలో అడిగి, రెండో విద్యలో కాలు పెట్టాలి.