గళ్ళు లేని తడిక

వెలగలకోట దొర వీరభూపతికి భార్య కనకాంబ మీద ప్రేమకన్నా అనుమానం ఎక్కువ. ఆమె మేడ కిటికీ తడికలోంచి వీధిలోకి చూస్తే చాలు, దారిన పోయే ప్రతి మగాడి మీదా అతనికి కడుపు మండేది. చివరికి తడికలు అల్లే ఎర్రక్కను పిలిపించాడు.

"ఈ తడిక గళ్ళు మరీ పెద్దవి. ఒక్క మగాడు కూడా దొరసాని కంట పడకూడదు. పడితే నిన్ను ఊళ్ళోంచి వెళ్ళగొడతాను."

ఎర్రక్క ఒక్క గడి కూడా లేకుండా వెదురు బద్దలు ఒత్తుగా అల్లి బిగించింది.

కొన్నాళ్ళకు దొర వేటలో పులిని కొట్టి, మేళతాళాలతో ఊరేగుతూ వచ్చాడు. మేడ కింద ఏనుగును ఆపించి చాలాసేపు పైకి చూశాడు. కిటికీలో అలికిడి లేదు. మండిపడి ఎర్రక్కను పిలిపించాడు.

"దొరసాని నన్నెందుకు చూడలేదు?"

"ఒక్క మగాడూ కనబడకూడదన్నారు కదా దొరా. మీరూ మగవారే."

"అయితే నేనొక్కణ్ణే కనబడేలా ఒక గడి పెట్టు."

"పెడతాను దొరా. కాకపోతే ఆ గడికి ఎదురుగా మీరు పొద్దస్తమానం నిలబడి ఉండాలి. మీరు పక్కకు జరిగితే వెనక ఉన్నవాడు కనబడతాడు."

ఎర్రక్క గడి పెట్టాక, దొర నిజంగానే దానికెదురుగా మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాడు. తర్వాత మేడెక్కి, తడికను తన చేత్తోనే ఊడబెరికాడు.