గేటుకి నష్టపరిహారం

గంగులు ఇంట్లో అందరికీ తెలివెక్కువే. ఆ మాట ఊళ్ళో ఒక్కరూ అనలేదు గానీ, వాళ్ళే రోజూ ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు. గంగులు, తమ్ముడు పోలయ్య, బావమరిది సన్నాసి, ముగ్గురూ గోనెసంచుల మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఒకరోజు చెప్పాపెట్టకుండా మిల్లు మూసేసి వాళ్ళని పొమ్మన్నారు.

గంగులు నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. పెళ్ళాం నీలమ్మ మాత్రం తేల్చి చెప్పేసింది. "మీకు రావలసిన నష్టపరిహారం తెస్తే ఇడ్లీబండి పెట్టుకుందాం. తేకపోతే మనింట పొయ్యిలో పిల్లి లేవదు."

యూనియన్ పెద్ద దానయ్య ముగ్గురినీ కూర్చోబెట్టాడు. "డబ్బు చేతిలో పడేదాకా మిల్లు గేటు వదలకండి. ఎవరేమడిగినా నోరు విప్పకండి, నేను మాట్లాడతాను. నాకు చూపించకుండా దేనిమీదా సంతకం పెట్టకండి."

అంతే! వెళ్ళి గేటు పట్టుకు కూర్చున్నారు. మర్నాడు దానయ్య స్కూటర్ మీద వచ్చాడు. "లేబర్ ఆఫీసులో విచారణ ఇవాళే. నేను ముందెళ్తాను, వెంటనే వచ్చెయ్యండి!" అని దుమ్ము లేపుకుంటూ పోయాడు.

"గేటు వదలొద్దన్నాడు, ఇప్పుడేమో రమ్మన్నాడు. ఎలాగన్నా?" అన్నాడు పోలయ్య.

"దాన్నీ తీసుకుపోదాం. బుర్రుండాలిరా!" అన్నాడు గంగులు.

ఇంకేముంది! ఇనపగేటు రెక్క ఊడబీకి, భుజానికెత్తుకుని, ఊరంతా నోరెళ్ళబెట్టి చూస్తుండగా ఆఫీసుకి మోసుకెళ్ళారు.

"ఇదేమిటి?" అన్నాడు ఆఫీసరు. ముగ్గురూ పెదాలు బిగించారు. "పోనీ, మీ పేర్లేమిటి?" ఉలుకూ లేదు, పలుకూ లేదు. "అసలు మిమ్మల్ని పనిలోంచి తీశారా, లేదా?" సన్నాసి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"దొంగలండీ! మా గేటు!" అని మేనేజరు గోల పెట్టాడు. పాపం, దానయ్యే చెమటలు కక్కుతూ ముగ్గురి తరఫునా మాట్లాడాడు.

ఆఫీసరు నవ్వాపుకున్నాడు. "గేటు సంగతి వేరు, చట్టం వేరు. అన్నేళ్ళు పనిచేసినవాళ్ళని ఎవరు తీసేస్తే వాళ్ళే పరిహారం కట్టాలి."

మేనేజరు మొహం మాడ్చుకుని కట్టాడు. దానయ్య కాగితం చదివి సంతకాలు పెట్టించి, డబ్బు మూట గంగులు చేతిలో పెట్టాడు. "ముందా గేటు తగిలించి, నేరుగా ఇంటికి పొండి బాబూ!"

గేటు తగిలించారు. కానీ గంగులుకి కాలు కదల్లేదు. "ఒరే, ఇది మనకంటే ముందునుంచీ ఇక్కడ పనిచేస్తోంది. దీన్ని తీసిందెవరు? మనమే!"

"మళ్ళీ పెట్టాం కదన్నా?"

"ఒక్కపూట తీసినా తీసినట్టే!"

"అదీ చెప్పాపెట్టకుండా తీశాం బావా," అని సన్నాసి భోరుమన్నాడు. అంతే! మూట గేటు గొళ్ళేనికి కట్టేసి, దణ్ణం పెట్టి, గుండె తేలికై ఇల్లు చేరారు.

సంగతి విని నీలమ్మ నెత్తి కొట్టుకుంది. "మీకు బుద్ధుందా? అంత డబ్బిచ్చి సంతకం తీసుకోకుండా వస్తారా? రేపది ముట్టలేదంటే ఏం చేస్తారు?"

నలుగురూ పరుగో పరుగు. మూట కట్టింది కట్టినట్టే ఉంది. గంగులు కాగితం, కలం చూపించి ఎంత బతిమాలినా గేటు కిక్కురుమనలేదు.

"దీనికీ దానయ్యే చెప్పుంటాడు. నోరు విప్పదు, సంతకం పెట్టదు," అన్నాడు గంగులు. "ఇది డబ్బు తీసుకునేదాకా మనం కదిలేది లేదు!"

నలుగురూ గేటు ముందు బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. నీలమ్మ మూటకేసి చూసి మురిసిపోయింది. "మంచిదేలే. ఇడ్లీబండి ఇక్కడే పెడదాం. డబ్బున్న ఆసామి కదా, రోజూ ఇదే కొంటుంది!"