కాస్మొనాట్‌కు కాశీ వ్యుత్పత్తి

రాజ్యం ఏనాడో పోయినా చింతవరం రాజావారు కొలువు తీర్చడం మాత్రం మానలేదు. ఒకనాడు ఆయనకు కబురొచ్చింది, అంతరిక్షానికి వెళ్ళొచ్చిన రష్యా అతిథి ఒకాయన మర్నాడు కోటకు వస్తున్నాడని.

"ఆయన్ని కాస్మొనాట్ అంటారట. ఆ మాటకు అర్థమేమిటి? సరిగ్గా చెప్పినవారే రేపు స్వాగతపత్రం చదువుతారు," అన్నారు రాజావారు.

ఆస్థాన పండితుడు విరూపాక్ష సోమయాజి లేచాడు. ఆయనకు తెలియని భాష లేదు. నేర్చుకున్నది మాత్రం ఒక్కటే.

"ఇందులో ఆలోచించేదేముంది ప్రభూ? కాశీ మఠ నాథుడు. రష్యా చలికి నాలుక కొంకర్లు పోయి కాస్మొనాట్ అయింది."

సభ తలూపింది. ఆ సభకు తలూపడం బాగా అలవాటు.

విదేశాల ఉత్తరాలు చదివిపెట్టే దుబాసీ కనకవల్లికి రష్యన్ వచ్చు. రేపు అతిథి ముందు రాజావారు నవ్వులపాలవుతారని ఆమెకు దిగులేసింది.

"ప్రభూ, గ్రీకు మాటలతో రష్యావాళ్ళు కూర్చుకున్న పేరది. కాస్మోస్ అంటే విశ్వం. నౌతేస్ అంటే నావికుడు. విశ్వంలో ఓడ నడిపేవాడని అర్థం. అమెరికావాళ్ళేమో నక్షత్ర నావికుడనే అర్థంలో ఆస్ట్రొనాట్ అంటారు," అంది.

"ఆకాశంలో ఓడలట," అని సోమయాజి నవ్వాడు. "ప్రభూ, నేను కాశీలో మఠంలో ఉండి వచ్చినవాణ్ణి. ఆ లెక్కన నేనూ కాస్మొనాట్‌నే. రేపు అతిథి పక్కన నాకూ ఒక సింహాసనం వేయించండి."

రాజావారు సరేననబోయారు. కనకవల్లి చేతులు జోడించింది.

"పండితులవారి మాటే నిజమైతే మన అదృష్టం ప్రభూ. వచ్చే నెల పైకి వెళ్ళే నౌకలో ఒక చోటు ఖాళీగా ఉందట. కాస్మొనాట్ దొరికితే చాలంటున్నారు. వీరిని అతిథితో పంపేద్దాం."

రాజావారికి ఉత్సాహం పొంగుకొచ్చింది. చింతవరం పేరు చుక్కల దాకా ఎక్కుతుందంటే ఎవరికి చేదు?

"సోమయాజిగారికి ఉన్నిబట్టలు కుట్టించండి," అని హుకుం చేశారు.

సోమయాజి ముఖం పాలిపోయింది. "పైకి వెళ్ళినవారు మళ్ళీ కిందికి ఎప్పుడొస్తారమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"వచ్చాకే తెలుస్తుందండి."

పండితుడు ఉత్తరీయంతో నుదురు తుడుచుకున్నాడు.

"ప్రభూ, నా సంధిలో చిన్న దోషం దొర్లింది. అమ్మాయి చెప్పిందే శాస్త్రసమ్మతం. నేను కాశీ వెళ్ళిన మాట కూడా... ప్రయాగ దాకానే."

సభ ఘొల్లుమంది. రాజావారు నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటూనే స్వాగతపత్రాన్నీ, వేలికున్న పచ్చల ఉంగరాన్నీ కనకవల్లి చేతిలో పెట్టారు.