కప్పల సభలో మూజువాణి ఓటు

ఒకప్పుడు కప్పలు అరిచేవి కావు. గొంతు దించి మర్యాదగా మాట్లాడుకునేవి. వాటికి ఒక మడుగు, ఆ మడుగులో ఒక సభ ఉండేవి. సభను నడిపేది ఓ ముసలి తాబేలు. దాన్ని అందరూ అధ్యక్షా అనే పిలవాలి. తాబేలుకు కుడివైపు కూర్చున్నవి అధికార పక్షం, ఎడమవైపు కూర్చున్నవి ప్రతిపక్షం. కుడివైపు అవునన్న ప్రతిదాన్నీ ఎడమవైపు కాదనాలి. పద్ధతి అది.

ఓ ఎండాకాలం నీళ్లు బాగా ఇంకిపోయాయి. మడుగు పక్కనున్న చిన్న గుంటలో చెంగమ్మ అనే కప్ప పిల్లలు చిక్కుకుపోయాయి. అవి ఇంకా కాళ్లు రాని తోకకప్పలు. గుంట ఎండితే చచ్చిపోతాయి. గుంటకూ మడుగుకూ మధ్య ఉన్నది జానెడు గట్టు.

చెంగమ్మ సభలో లేచి నిలబడింది. "అధ్యక్షా, ఆ గట్టులో చిన్న కాలువ తవ్వితే పిల్లలు మడుగులోకి వచ్చేస్తాయి."

"తవ్వాలంటే ముందు బిల్లు పెట్టాలి," అంది తాబేలు.

అధికార పక్షం తరఫున బోదురుకప్ప బిల్లు పెట్టింది. వెంటనే ప్రతిపక్షం నుంచి పచ్చకప్ప లేచింది. "అధ్యక్షా, ఈ బిల్లును మేం తీవ్రంగా ఖండిస్తున్నాం."

"నీ పిల్లలు కూడా ఆ గుంటలోనే ఉన్నాయి కదన్నా," అంది చెంగమ్మ.

"ఉన్నాయమ్మా. అది ఇంటి సంగతి. ఇది సభ."

చేతులెత్తమంది తాబేలు. ఒక్కో కప్ప రెండేసి చేతులు ఎత్తింది. ఎత్తినవన్నీ బురదలో బోర్లా పడ్డాయి. లెక్క కుదరలేదు.

"అయితే మూజువాణి ఓటు పెడదాం. అంటే నోటితో చెప్పడం. కావాలంటే అవును అనండి, వద్దంటే కాదు అనండి. ఏ వైపు గట్టిగా వినిపిస్తే ఆ వైపు గెలిచినట్టు."

కుడివైపు అవునంది. ఎడమవైపు ఇంకాస్త గట్టిగా కాదంది. గొంతులు బూరల్లా ఉబ్బాయి. చివరికి అవునూ కాదూ రెండూ పోయి బెకబెక మిగిలింది. తాబేలు తల డిప్పలోకి లాక్కుంది.

చాలాసేపటికి తల బయట పెట్టింది. "ఎవరు గెలిచారో తేలలేదు. సభను వర్షాకాల సమావేశాలకు వాయిదా వేస్తున్నాను. ఫలితం నేనే వచ్చి చెబుతాను. నేను వచ్చేటప్పుడు మాత్రం ఎవరూ నోరెత్తకూడదు."

"వానలు పడేదాకా పిల్లలు బతకవు అధ్యక్షా," అంది చెంగమ్మ.

"సభ్యురాలి ఆవేదన రికార్డుల్లోకి ఎక్కుతుంది," అని తాబేలు మెల్లగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. నాకైతే ఆ తాబేలు మీద ఇప్పటికీ కోపమే.

చెంగమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వెళ్లి వెనక్కాళ్లతో గట్టు తవ్వడం మొదలుపెట్టింది. మిగతా తల్లులు కూడా వచ్చి చేరాయి. ఏ ఒక్కటీ నోరు విప్పలేదు. పొద్దు వాలేలోపు గట్టు తెగింది. పిల్లలు తోకలాడించుకుంటూ మడుగులోకి వచ్చేశాయి.

వానలు పడ్డాయి. తల్లులు తప్ప అన్నీ సభకు వచ్చాయి. తాబేలు ఇంకా రాకపోయినా పాత బిల్లు మీదే మళ్లీ ఓటింగు. ఈసారి చెంగమ్మ కొడుకులు కూడా సభ్యులే. తమను గుంటలోంచి బయటికి తేవాలని కొన్ని, తేకూడదని కొన్ని గొంతు చించుకుని అరిచాయి.

అప్పటినుంచే చినుకు పడితే చాలు, మగకప్పలు అరుపు అందుకుంటాయి. మన అడుగుల చప్పుడు వినగానే అధ్యక్షులవారు ఫలితం తెచ్చారనుకుని టక్కున నోరు మూస్తాయి. కాదని తెలిశాక మళ్లీ మొదలుపెడతాయి. ఆడకప్పలు మాత్రం అలా అరవవు. వాటి బిల్లు ఎప్పుడో పాసైపోయింది.