తలాడించే బొమ్మ వెల

ఒకానొక రాజ్యంలో రాజుగారికి ఏదైనా వస్తువు నచ్చిందంటే చాలు, దాన్ని చేసినవాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

ఆ రాజ్యం పేరు కుందనగిరి. రాజు పేరు మార్తాండ భూపతి. చెడ్డవాడేమీ కాదు. కాకపోతే తనంతటి రసికుడు భూప్రపంచంలో ఇంకొకడు లేడని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి నీళ్లుపోసి పెంచడానికి కోట నిండా మనుషులున్నారు.

ఏటేటా కోట ముందు మైదానంలో పనివాళ్ల సంత జరిగేది. కుండలు, కంచు గంటలు, బుట్టలు, బొమ్మలు, చేత్తో చేసిన ప్రతి వస్తువూ అక్కడికి వచ్చేది. రేవుపట్నం వర్తకులు బళ్లు కట్టుకుని మరీ వచ్చేవారు. రాజుగారు కూడా విచ్చేసి పాకపాకనా ఆగి చూసేవారు. దేన్నయినా చూసి "భేష్" అన్నారంటే ఆ వస్తువు కోటకు కానుక. వెల అడగడం అపచారం. రాజు మెప్పును మించిన వెల లేదన్నది తాతలనాటి ఆచారం. ఆ మెప్పును వండుకు తినడం ఎలాగో మాత్రం ఆ తాతలెవరూ చెప్పి పోలేదు.

రానురాను పనివాళ్లు తెలివి నేర్చారు. మంచి సరుకు చాపల కింద దాచి, మూతి వంకర కుండలు, మోగని గంటలు ముందు పెట్టుకునేవారు. రాజుగారు పెదవి విరిచి ముందుకు కదిలితే, బతుకుజీవుడా అని ఊపిరి పీల్చుకునేవారు. కాని రాజుగారు సంత ముగిసేదాకా అక్కడే గుడారం వేసుకుని కూర్చునేవారు. దాంతో వర్తకుల కంట కూడా ఆ వంకర సరుకే పడేది. "కుందనగిరి వాళ్లకు చేతులు పడిపోయాయి" అనుకుంటూ వాళ్లు ఖాళీ బళ్లు తోలుకుపోయేవారు.

"మా అభిరుచిని అందుకోగల పనివాడు ఇక పుట్టడు కాబోలు" అని రాజుగారు నిట్టూర్చేవారు.

ఆ సంతలో పేరిందేవి అనే బొమ్మలమనిషి ఉంది. కిందటేడు ఆమె అంబారీ ఏనుగును చేసి తెచ్చింది. రాజుగారు భేష్ అన్నారు. ఏనుగు కోటకు పోయింది. ఆమె మొగుడు రాళ్లు మొయ్యడానికి కొండకు పోయాడు. ఈసారి కూడా బొమ్మ ఊరికే పోతే ఉలులు అమ్ముకోవడం తప్ప దారి లేదు.

అలాంటి పేరిందేవి ఈ ఏడు ఇంకా మంచి బొమ్మ చేసి, పాక ముందు ఎత్తుపీట వేసి, దానిమీద నిలబెట్టింది.

అది దర్బారు మనిషి బొమ్మ. తలపాగా, తీర్చిన మీసం, చేతులు కట్టుకున్న వినయం. తేలికైన పొనికి కర్రతో చేసిన తలను మెడకు అంటించకుండా, లోపల సన్నటి తీగ మీద నిలిపింది. కాస్త గాలి సోకితే చాలు, అవునవునని తలాడిస్తుంది.

పక్క పాకలో కంచు గంటల గురవయ్య గుండె బాదుకున్నాడు.

"అమ్మాయ్! నీకేమన్నా మతిపోయిందా? రాజుగారు వచ్చేస్తున్నారు. చాప కిందకి తొయ్యి దాన్ని!"

"దాచుకోడానికైతే ఇంట్లోనే దాచుకునేదాన్ని కదా బాబాయ్. ఇంతదూరం మోసుకొచ్చింది అమ్ముకోడానికి."

"రాజుగారికి నచ్చిందనుకో?"

"నచ్చాలనే చేశాను" అని పేరిందేవి తాటాకు విసనకర్ర తీసి విసురుకుంటూ కూర్చుంది.

ఇంతలో రాజుగారు రానే వచ్చారు. వెనక ప్రధాని శరభయ్య, ఆయన వెనక దర్బారు మొత్తం. రాజుగారికి రెండువైపులా వింజామరల వాళ్లు. వాళ్లకొక పద్ధతి ఉంది. రాజుగారు నోరు విప్పితే వింజామరలు లేస్తాయి, నోరు మూస్తే దిగుతాయి. పోయిన ఏడు ఏనుగు చేజారుతుంటే పేరిందేవి చేతులు కట్టుకుని చూసింది ఆ పద్ధతినే.

వంకర కుండల్ని, మోగని గంటల్ని చూసి ముఖం చిట్లించిన రాజుగారు బొమ్మ ముందు ఆగారు.

"ఎవరితను?"

"తమ కొలువులో చేరాలని వచ్చాడు ప్రభూ. ఏదైనా అడిగి చూడండి."

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "ఏమయ్యా, మా అంతటి రసికుడు ఈ భూమండలంలో ఉన్నాడా? లేడు కదూ?"

వింజామరలు లేచాయి. బొమ్మ అవునవునని తలాడించింది.

జనం గొల్లుమన్నారు. రాజుగారి ముఖం వెలిగిపోయింది. "మా కవిత్వం అమృతం కాదూ?"

బొమ్మ మళ్లీ తలాడించింది.

"చూశావా శరభయ్యా! కర్ర ముక్కకు కూడా తెలిసిపోయింది!"

"చిత్తం, చిత్తం" అన్నాడు శరభయ్య.

పేరిందేవి వినయంగా అడిగింది. "ఏలినవారు దీని మాటను మరీ అంతగా నమ్మవచ్చునా ప్రభూ?"

"ఎందుకు నమ్మకూడదు? దీనికి మేము జీతమిస్తున్నామా, మాన్యమిచ్చామా? ముఖస్తుతి చెయ్యాల్సిన గతి దీనికేం పట్టింది? ఇది చెప్పిందే సత్యం. ఇంతమంది ముందు మేమే అంటున్నాం. భేష్! చాలా బాగుంది!"

భేష్ అన్న మాట చెవినపడగానే భటులు బొమ్మ మీదికి చెయ్యి చాచారు. గురవయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఒక్క క్షణం, నాయనలారా" అంది పేరిందేవి. "చేసిన చెయ్యి నాది. పంపేముందు నేనూ ఒక మాట అడగాలి." విసనకర్ర విసురుకుంటూ బొమ్మ వైపు తిరిగింది. "ఏమయ్యా, వెల ఇవ్వకుండా నిన్ను పట్టుకుపోవడం అన్యాయమేనా?"

బొమ్మ నిదానంగా తలాడించింది.

రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. అయినా రాజు కదా, తేలిగ్గా ఓడిపోతారా?

"ఆగవమ్మా. ఇప్పుడు మేమడుగుతాం. ఏమయ్యా, మా మెప్పే నీకు తగిన వెల. అంతేనా?"

వింజామరలు లేచాయి. బొమ్మ తలాడించింది. దర్బారంతా చప్పట్లు కొట్టింది.

"విన్నావా? ఇప్పుడేమంటావు?" అన్నారు రాజుగారు మీసం దువ్వుకుంటూ.

"నేననేదేముంది ప్రభూ, తమరే తీర్పు చెప్పాలి. నా మాటకూ అవునంది, తమ మాటకూ అవునంది. ఇలాంటి వాడి సాక్ష్యం చెల్లుతుందా? చెల్లితే, వెల సంగతిలో ముందు అవునన్నది నా మాటకే కనక నా వెల నాకు రావాలి. చెల్లదంటే, తమ రసికత గురించి, కవిత్వం గురించి ఇది పలికిన సాక్ష్యమూ చెల్లదు."

రాజుగారు ఇరుకున పడ్డారు. ఎటు అడుగేసినా ముల్లే. అలవాటు ప్రకారం శరభయ్య వైపు తిరిగారు.

"ఏమంటావు శరభయ్యా? సాక్ష్యం చెల్లుతుందనే అనుకుంటాను."

"చిత్తం! చెల్లక ఎక్కడికి పోతుంది ప్రభూ" అని శరభయ్య తలాడించాడు. వెనక దర్బారు తలపాగాలన్నీ కిందికీ మీదికీ ఆడాయి.

"కాని రెండువైపులా మాట్లాడిందిగా... చెల్లదేమో?"

"చిత్తం! చెల్లనే చెల్లదు ప్రభూ. పిల్లాణ్ణడిగినా చెబుతాడు." తలపాగాలు మళ్లీ ఆడాయి.

రాజుగారు శరభయ్యను చూశారు. బొమ్మను చూశారు. మళ్లీ శరభయ్యను చూశారు. ఇద్దరిదీ ఒకటే తలపాగా, ఒకటే మీసం, చేతులు కట్టుకున్న తీరు కూడా ఒకటే.

అప్పుడు పేరిందేవి విసనకర్ర కింద పెట్టేసి అంది.

"నా బొమ్మ తలాడించింది నా మాటకూ కాదు, తమ మాటకూ కాదు ప్రభూ. నా విసనకర్రకు, తమ వింజామరలకు. పాపం, దీనికి కాస్త గాలైనా తగలాలి. తమ ప్రధానిగారికి అదీ అక్కర్లేదు. పైగా కోటలో ఉన్నవాళ్లకు తమరు ఏళ్లతరబడి జీతాలిస్తున్నారు. ఇది తిండి అడగదు, మాన్యం అడగదు. ఒక్కసారి వెల ఇచ్చి కొనుక్కోలేరా?"

రాజుగారి పెదవులు అదిరాయి. భటులు కత్తుల మీద చేతులు వేశారు. మరుక్షణం మార్తాండ భూపతి పొట్ట చేత్తో పట్టుకుని, తలపాగా జారిపోతున్నా పట్టించుకోకుండా పడీపడీ నవ్వారు. ఆయన నవ్వాక దర్బారూ నవ్వింది. అది చూసి ఆయనకు ఇంకా నవ్వొచ్చింది.

"శరభయ్యా, ఈమె అడిగినంత ఇప్పించు. బేరమాడకు. ఆ ఏనుగు వెల కూడా కలుపు." తరవాత జనం వైపు తిరిగి గొంతు పెంచారు. "ఈ రోజు నుంచి వెల చేతిలో పడ్డాకే మా నోట భేష్ వస్తుంది. తాతల ఆచారం తాతలతోనే పోయింది!"

ముందుగా గురవయ్య చాప ఎత్తాడు. ఎండ తగిలి కంచు గంటలు ధగధగమన్నాయి. ఇంకో పాకలో ఇంకో చాప లేచింది. చూస్తుండగానే మైదానమంతా చాపలు లేచాయి. బళ్లు తిప్పుకుపోతున్న వర్తకులు ఎడ్లను ఆపి వెనక్కి పరుగెత్తుకొచ్చారు. రాజుగారు మళ్లీ పాకపాకనా ఆగి చూశారు. ఇన్నేళ్లూ ఇంత పనితనం తన కాళ్ల దగ్గరే ఉందని ఆయన ఎరగరు.

వెళ్లబోతూ ఆయన పేరిందేవి దగ్గర ఆగారు.

"కాదు, కాదు అని తల అడ్డంగా ఊపే బొమ్మ చెయ్యగలవా?"

"చేస్తాను ప్రభూ. వెల మాత్రం దీనికి రెట్టింపు."

"అదేం? పని ఒకటే కదా?"

"పని ఒకటే. కాని కోటలో అలాంటిది ఒక్కటీ లేదుగా ప్రభూ. దొరకని సరుకుకు ధర ఎక్కువ."

రాజుగారు ఇంకోసారి నవ్వి, ఆ వెల కూడా అక్కడికక్కడే ఇప్పించారు. వచ్చే సంత నాటికి ఆ రెండో బొమ్మ సింహాసనం పక్కకు చేరింది. శరభయ్య నోరు విప్పినప్పుడల్లా రాజుగారు చూపుడువేలితో దాని తలను ఒక్కసారి తట్టేవారట. పేరిందేవి ఉలులు మాత్రం అమ్ముడుపోలేదు, అరగదీసి కొత్తవి కొనుక్కుంది.