సూర్యుణ్ణి విడిపించే నక్క

ఎర్రమెట్ట మీద బతికే జంతువులకి సూర్యుడంటే ఇంట్లోవాడి కింద లెక్క. పిలవక్కర్లేదు, తెల్లారేసరికి వచ్చేస్తాడు. పొమ్మనక్కర్లేదు, పొద్దుగూకితే వెళ్ళిపోతాడు. ఎవరికోసం వస్తాడనే దగ్గరే తగువంతా. నా మడుగు వెచ్చబడొద్దూ, అందుకే వస్తాడనేది దున్నపోతు. రేవులో బట్టలు ఎలా ఆరతాయనుకున్నావ్, మా కోసమే అనేది గాడిద. గడ్డి మొలవకపోతే మేమేం తిని చావాలి అని కుందేలు. ఇలా ఎవరికి వాళ్ళు లోకం నడిబొడ్డున కూచుని సూర్యుణ్ణి తమ చుట్టూ తిప్పుకుంటూ ఉండేవాళ్ళు. ఆ గొప్పల వల్ల ఎవరికీ నష్టం లేదు, నక్క వచ్చేదాకా.

ఆ నక్క సామాన్యమైంది కాదు. సాయంత్రాలు ఊళ్ళోకి దిగి, పంచాంగం చెప్పే అయ్యవారి పెరటిగోడ వెనక చెవులు రిక్కించుకుని కూచునేది. ఫలానా అమావాస్యకి గ్రహణం అని అయ్యవారు లోపల ఎవరితోనో అంటే చాలు, ఆ ముక్క పట్టుకుని మెట్టెక్కేసేది. మర్నాటికి నుదుట బూడిద, మెడలో ఎండు కాయల దండ. సిద్ధాంతిగారు అనకపోతే పలికేది కాదు.

"ఆకాశంలో ఒక పాముందర్రా," అని చెప్పేది. "దానికి ఆకలేసినప్పుడల్లా సూర్యుణ్ణి మింగుతుంది. నేను మంత్రం వేస్తే కక్కుతుంది. కాని ఉత్త మంత్రానికి లొంగే రకం కాదు. ఒక లేతపిల్లని నా చేతిలో పెట్టాలి."

ఆ పెట్టడం ఎలాగంటే, గ్రహణం పట్టగానే పిల్లని కానుగచెట్టు కింద వదలాలి. మిగతావాళ్ళంతా గుట్టవైపు తిరిగి కళ్ళు మూసుకోవాలి. నక్క ఆ పిల్లని తీసుకుని వాగు దాటిపోతుంది. కాసేపటికి అవతల నుంచి ఊళ వినిపిస్తుంది. అప్పుడు కళ్ళు తెరిస్తే సూర్యుడు పైన భేషుగ్గా ఉంటాడు, పిల్ల మాత్రం ఉండదు. నక్క మూతి నాక్కుంటూ తిరిగొచ్చినా ఇదేమిటని అడిగిన నాథుడు లేడు. అలా ఒకసారి కుందేలు తన పిల్లని ఇచ్చుకుంది. పోయిన గ్రహణానికి బొల్లిమేక తన పెద్దకూతురు మాలచ్చిని ఇచ్చుకుంది.

మళ్ళీ గ్రహణం వచ్చింది. ఆ పొద్దున్నే నక్క అందర్నీ కానుగచెట్టు కింద కూర్చోబెట్టింది.

"ఇవాళ పొద్దు నడినెత్తికి రాకముందే పాము పట్టేస్తుంది. ఈసారి దానికి మగపిల్ల కావాలిట. మన బొల్లక్క కొడుకు గున్నడున్నాడుగా, బొద్దుగా, ముద్దుగా."

"సిద్ధాంతిగారి నోట వచ్చాక ఇంకేముంది," అని గాడిద తలూపింది.

"ఇవ్వను," అంది బొల్లిమేక.

మెట్టకి పెద్ద దున్నపోతు. అది నెమరు ఆపింది. "ఏమన్నావూ?"

"ఇవ్వనన్నాను దున్నన్నా. చెవుల్లో గాని బురద పోయిందా?"

"ఒక్క పిల్ల కోసం లోకమంతా చీకటి చేస్తావా బొల్లీ?"

"ఒక్క పిల్లే కదా, నీ దూడని ఇవ్వు."

దున్నకి పొలమారింది. పక్కింటి పిల్లతో త్యాగం చెయ్యడం ఎవరికైనా తేలికే మరి.

"పోయినసారి నేను ఇచ్చాను," అంది మేక. "మీరంతా గుట్టవైపు తిరిగి కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. కన్నకూతురు వెళ్ళిపోతుంటే కళ్ళెలా మూతపడతాయి? పైకి చూడలేదు, దాని కాళ్ళకేసే చూస్తూ నిలబడ్డాను. ఈ చెట్టుకింద ఆకుల సందుల్లోంచి పడే ఎండ రోజూ గుండ్రంగా బిళ్ళల్లా ఉంటుందా? ఆ రోజు నేలంతా కొడవళ్ళే. సన్నటి వెలుగు కొడవళ్ళు. నా మాలచ్చి వాటిని తొక్కుకుంటూ పోయింది. ఈ నక్క దాన్ని ఇంకా వాగు కూడా దాటించలేదు, ఇక్కడ కొడవళ్ళు లావెక్కడం మొదలెట్టాయి. అంటే సూర్యుడు అప్పటికే బయటికి వచ్చేస్తున్నాడు! ఆగండర్రా, పిల్లని వెనక్కి పిలవండి అని అరిచాను. ఏడిచి ఏడిచి మతి పోయింది దీనికన్నారు. ఏం, అనలేదా?"

అన్నవాళ్ళంతా నేలచూపులు చూశారు. నక్కకి ఒళ్ళు మండింది.

"పైకి చూసినా కిందికి చూసినా గ్రహణం చూడటమే, దోషమే. కావాలంటే కుందేలు మూతి చూడండి. వాళ్ళ అమ్మమ్మ గ్రహణం చూసింది, గ్రహణమొర్రి వచ్చింది, వంశానికంతా అంటుకుంది!"

కుందేలు గబుక్కున ముందుకాళ్ళతో మూతి కప్పుకుంది.

"లోకంలో కుందేళ్ళన్నిటికీ అదే మూతి కదయ్యా," అంది మేక. "అందరి అమ్మమ్మలూ పనులు మానుకుని ఆకాశంకేసి చూస్తూ కూచున్నారా? మనందరిలోకీ గట్టిగా కళ్ళు మూసుకున్నది ఈవిడే. మరి ఈవిడ పిల్లలకీ అదే మూతెందుకొచ్చింది? నీ మూతి చక్కగా ఉంది వదినా, చెయ్యి తియ్యి."

కుందేలు మెల్లిగా చెయ్యి తీసింది.

"ఇంకోటి అడుగుతాను, చెప్పు సిద్ధాంతీ. పాము ఆకలేస్తే మింగుతుందన్నావు. దానికి ఈ అమావాస్యకే ఆకలేస్తుందని నీకు ముందే ఎలా తెలిసింది? ఆకలికి ముహూర్తముంటుందా ఎక్కడైనా?"

"అది... అది దివ్యదృష్టి."

"దివ్యదృష్టీ లేదు, నీ దినమూ లేదు. ముందే చెప్పగలిగావంటే దానికో లెక్కుంది. పట్టడం లెక్క ప్రకారమైతే విడవడమూ లెక్క ప్రకారమే. నడుమ నీ మంత్రమెందుకు, నా పిల్లెందుకు? నక్కెక్కడ, నాగలోకమెక్కడ!"

ఎవరో కిసుక్కుమన్నారు. నక్క చప్పున లేచింది. బెదరగొట్టడంలో దానిది అందెవేసిన చెయ్యి.

"సరే! మంత్రం వెయ్యను. మీ చావు మీరు చావండి, చీకట్లో తడుముకుంటూ."

గాడిద గొల్లుమంది. మేక మాత్రం ఆ మాట కోసమే కాచుకుని ఉంది.

"ఆ మాట మీదే ఉండు బావా. ఎక్కడికీ పోకుండా ఈ చెట్టుకింద మా మధ్యే కూచో. మంత్రం వద్దు, ఊళ వద్దు, మూతి విప్పొద్దు. సూర్యుడు రాలేదనుకో, నన్నూ నా కొడుకునీ ఇద్దర్నీ తీసుకుపో. వచ్చాడనుకో?"

"వస్తే మెట్ట దిగి పోతాను," అని నక్క నవ్వింది. దాని లెక్క దానికుంది. చీకటి ముదిరాక వీళ్ళ గుండెలు ఆగుతాయా? వాళ్ళే పిల్లని లాక్కొచ్చి తన ముందు పడేస్తారు. అప్పుడు ఒకటికి రెండు! నోరూరుతుండగా వెళ్ళి చెట్టు మొదట్లో కూచుంది. దున్నపోతు సాక్షిగా దాని పక్కనే నిలబడింది.

గ్రహణం పట్టింది.

"పైకెవరూ చూడకండి, కళ్ళు మాడతాయి, అది మాత్రం నిజం," అంది మేక. "కిందికి చూడండి చాలు."

చెట్టుకింద వెలుగుబిళ్ళలకి ఒక పక్క నొక్కు పడింది. అన్నిటికీ ఒకేసారి, ఒకే పక్క. చూస్తూండగానే ఆ నొక్కు లోపలికి పాకింది. గాడిద నోరు వెళ్ళబెట్టింది. "అమ్మో, కొరుకుతోంది, కొరుకుతోంది!"

"కొరికితే పంటిగాట్లు ఉండొద్దూ మామా? అంచు చూడు, చట్టి అంచులా ఎంత గుండ్రంగా ఉందో. ఏదో గుండ్రటిది అడ్డం వస్తోంది, అంతే."

"ఏమిటది?"

"నాకూ తెలీదు. ఎప్పుడొచ్చినా అమావాస్యనాడే వస్తోంది. ఆ రోజు చంద్రుడు ఎక్కడ తిరుగుతుంటాడో మనకి కనపడదు. నా అనుమానం ఆయన మీదే. నిదానంగా తేల్చుకుందాం, తొందరేముంది? తెలియనిదానికి పామని పేరుపెట్టి పిల్లని అప్పజెప్పడం మాత్రం ఇక నా వల్ల కాదు."

వెలుగు పాలిపోయింది. ఎండ ఉంది, వేడి లేదు. కాకులు పట్టపగలే గూళ్ళకి చేరుకున్నాయి. వాగు మీంచి చలిగాలి తిరిగింది. నేలమీద కొడవళ్ళు గోరంత సన్నమైపోయాయి. అంతవరకూ ధైర్యంగా ఉన్నవాళ్ళు కూడా ఒకళ్ళ పక్కకి ఒకళ్ళు జరిగారు. నిజం చెప్పాలి, మేక కూడా గున్నణ్ణి దగ్గరికి లాక్కుంది.

ముందు గాడిద బెదిరింది. "ఇచ్చెయ్యి బొల్లక్కా, నీకు పుణ్యముంటుంది, ఇచ్చెయ్యి!"

తరవాత దున్నపోతు. "నీ మాట విని తప్పు చేశాం. ఇక చాలు. పిల్లని ఇటు పంపు," అంటూ కొమ్ములు దించి అడుగు ముందుకేసింది. నక్క సంబరంగా తోక ఊపింది.

గున్నడు తల్లి డొక్కలో మూతి పెట్టి అన్నాడు, "అమ్మా, నేను వెళ్తాలే. అందరూ ఏడుస్తున్నారు."

"నోర్ముయ్యి వెధవా!" అని అరిచింది మేక. వాణ్ణి పొట్ట కిందికి తోసుకుంది, ఏడుస్తూనే కొమ్ములు వంచింది. "రా దున్నన్నా. నీ కొమ్ములు పెద్దవే, ఎవరు కాదన్నారు? ముందు నన్ను చీల్చు. ఆ తరవాతే వాడి మీదికి వెళ్ళు. ఒక పిల్లని భయంతో ఇచ్చాను. ఆ భయం ఇంకా నన్ను తింటూనే ఉంది. రెండోసారి ఇవ్వను. సూర్యుడే దిగొచ్చి అడిగినా ఇవ్వను!"

దున్నపోతు ఇంకో అడుగు వేసింది. అప్పుడు ఎవరూ అనుకోని పని జరిగింది. కుందేలు గెంతి దాని ముందు నిలబడింది. పిడికెడు ప్రాణి, దున్న కాలు పడితే పచ్చడే.

"నేను ఇచ్చేశాను పెద్దయ్యా. మీరు కళ్ళు మూసుకోమన్నారని మూసుకుని మరీ ఇచ్చాను. నా పిల్ల ఎలా పోయిందో కూడా నాకు తెలీదు. ఈసారి నన్ను చూడనివ్వండి. అంతవరకూ ఆగండి."

కుందేలు నేలకి మూతి ఆనించి ఆ సన్నటి కొడవళ్ళని చూస్తూ కూచుంది. దాని మీంచి దాటి వెళ్ళడానికి దున్నపోతుకి మొహం చెల్లలేదు.

"తిరిగాయి," అంది కుందేలు. "అటు తిరిగి ఉన్న కొడవళ్ళు ఇటు తిరిగాయి. చూడండి... లావెక్కుతున్నాయి. లావెక్కుతున్నాయర్రా!"

అందరూ వంగి చూశారు. అవును. గున్నడు ఇంకా తల్లి పొట్ట కిందే ఉన్నాడు. నక్క నోరు మూసుకునే ఉంది. సూర్యుడు మాత్రం ఎవరి సాయమూ లేకుండా, ఎవర్నీ ఏమీ అడక్కుండా, బయటికి వచ్చేస్తున్నాడు.

నక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇప్పుడైనా ఒక్క ఊళ వేస్తే ఆ ఘనత తన ఖాతాలో పడుతుందని మెడ పైకెత్తింది. దున్నపోతు దాని తోక మీద కాలేసింది.

"కూశావో, చంపుతాను. రేపు నువ్వు కూస్తేనే వచ్చాడంటావు."

ఇక నక్క పరిస్థితి దొంగకి తేలు కుట్టినట్టయింది. అరవడానికి లేదు, కదలడానికి లేదు. నేలమీద బిళ్ళలు మళ్ళీ గుండ్రంగా నిండేవరకూ అలాగే కూచుంది. కాకులు సిగ్గుపడుతూ గూళ్ళలోంచి బయటికొచ్చాయి.

"మరి నా పిల్లని మింగిన పాము ఏదీ?" అని కుందేలు నక్క కళ్ళలోకి చూస్తూ అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దున్నపోతు తల దించి నక్కవైపు తిరిగింది. అలా తిరగడంలో కాలు పైకి లేచింది. తోక విడిచీ విడవగానే నక్క ఒక్క పరుగున వాగు అవతలి ఒడ్డుకి పోయి అక్కణ్ణించి అరిచింది. అంత పరువు పోయినా దాని నాలికకి పదును పోలేదు.

"గెలిచామని మురిసిపోకండర్రా! నేనున్నంతకాలం సూర్యుడు మీ కోసం పోయేవాడు, మీ కోసం వచ్చేవాడు. లోకానికి మీరే నడిబొడ్డు. ఇప్పుడేమైంది? ఆయన లెక్క ఆయనది. మీ కోసం పోనివాడు మీ కోసం రావడమూ లేదు. మీరొకళ్ళు ఉన్నారని కూడా ఆయనకి తెలీదు. ఇంత పెద్ద ఆకాశం కింద మీరు ఎవరికీ ఏమీ కారు. ఆ మాట మోసుకుని బతకగలరా?"

ఆ దెబ్బ తగిలింది, తగల్లేదని చెప్పను. గాడిద కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దున్నపోతు అంత ఒళ్ళూ ఒక్కసారిగా చిన్నబోయింది. అందరూ మేకకేసి చూశారు.

బొల్లిమేక కొడుకుని నాకడం ఆపి తలెత్తింది.

"మోస్తాం బావా. ఎంత బరువైనా మోస్తాం. కన్నపిల్లల్ని మోసుకొచ్చి నీ ముందు దించడం కంటే అదేం బరువు కాదు. నువ్వింక దయచెయ్యి."

దున్నపోతు దాన్ని తరుముతూ వాగులోకి దూకింది. నక్క మెట్ట దిగి పారిపోయింది.

నీతి: సూర్యుడి పేరు చెప్పి నీ పిల్లని అడిగేవాడికి సూర్యుడితో పనిలేదు, నీ పిల్లతోనే పని.