పొడి బియ్యపు తీర్పు

పూర్వం త్రేతాయుగంలో, సకల శాస్త్రపారంగతుడైన శంఖపాద మహర్షికి రాని విద్య లేదు గాని, తప్పు తనదని ఒప్పుకొనే విద్యను మాత్రం ఏ గురువూ నేర్పలేదని ఆయన ధర్మపత్ని రోచనాదేవి వాపోయేది. పులుసులో తానే రెండుమార్లు ఉప్పు వేసి, సముద్రుణ్ణి నిందించగల మహానుభావుడాయన!

ఆ కాలంలో హేమకూటపురవాసులు ప్రజాకంటకుడైన దుర్ధర్షుణ్ణి సింహాసనం నుండి కూలద్రోసి, కొలిమి విడిచి కత్తి పట్టిన ఉగ్రబాహుణ్ణి నాయకునిగా నిలుపుకొని, రాజసేవకులలో ద్రోహులెవరో తేల్చుమని మహర్షిని వేడగా, ఆయన గడ్డం నిమురుకొని, "గుప్పెడు బియ్యం నమిలించి ఆకుపై ఉమ్మించండి. తడిసి వస్తే నిర్దోషి, పొడిగా వస్తే ద్రోహి" అని సెలవిచ్చాడు. నాటినుండి కోటవాకిట ఖడ్గానికి విరామం లేదు. ఏడు దినాల్లో వంటవారు, వింజామరలు వీచేవారు, గుర్రాలకు గడ్డి వేసేవారు సైతం తలలు కోల్పోయారు.

ఎనిమిదవనాడు దీపాలు వెలిగించే కుశలుని వంతు. అతడు రోచనకు ఒక్కగానొక్క తమ్ముడు.

ఆ వార్త వినగానే ఆమె భర్తను వెంటబెట్టుకొని పరుగున వెళ్లేసరికి, కుశలుడు బియ్యం నమలలేక నములుతున్నాడు.

"అక్కా, నోరెండిపోతోందే!"

"ఉమ్మకురా, నములుతూనే ఉండు!" అని అరచి, ఆమె మహర్షివైపు తిరిగింది. "కత్తి కింద కూర్చున్నవాడి నోట తడి ఎక్కడుంటుంది స్వామీ? నన్ను చూడవచ్చిననాడు మా నాన్న ఎదుట అరిసెముక్క మింగలేక మూడు చెంబుల నీళ్లు తాగారే, అప్పుడు మీరు ఏ ద్రోహం చేశారని?"

"శాస్త్రం, రోచనా! శాస్త్రం!"

"అయితే మీరూ నమలండి. ఆ రాజుచేత యాగాలు చేయించింది మీరే కదా."

జనంలో గుసగుసలు లేచాయి. ఉగ్రబాహుడు మహర్షి దోసిట బియ్యం పోసి, "అమ్మగారన్నది నిజమే. కానివ్వండి" అన్నాడు. తమ్ముడి కోసం తాళినే పందెమొడ్డానా అని రోచన మంగళసూత్రాన్ని గుప్పిట బిగించింది.

వేదఘోష చేసిన ఆ నోట బియ్యం ఎంత నమిలినా తడవలేదు; ఆకుపై పడి గాలికి ఎగిరింది. కత్తి లేచింది.

అంతలో దండధరుడైన యమధర్మరాజు మహిషవాహనం దిగి, దుమ్ము దులుపుకొని, ఆ కత్తి అంచును పట్టుకొని నిలిచాడు.

"ఏడు దినాలుగా నిర్దోషులతో నా వాకిలి నిండిపోతోంది, తల్లీ. పోయినవారిని తిరిగి ఇవ్వలేను. మరొకటి కోరుకో."

"ప్రాణాలు అడగను, ధర్మప్రభూ. మావారి నోట ఒక్క మాట రప్పించండి. అది వస్తే ఊరే నిలుస్తుంది."

ఏ మాటో అడగకుండానే యముడు చాలాసేపు ఆలోచించాడు. "కష్టమైన వరమే... తథాస్తు!"

ఉగ్రబాహుడి చేయి వాలింది. నెత్తురింకిన మట్టిని చూస్తూ మహర్షి అక్కడే చతికిలబడి, పెదవులు రెండుమార్లు కదిపి, ఏ మాట విని ఆ పురంలో ఖడ్గాలు ఒరల్లోకి, బియ్యం ఎసట్లోకి మళ్లాయో, ఆ మాట నలుగురికీ వినబడేట్టు పలికాడు:

"శాస్త్రం... కాదు, కాదు. తప్పు నాది. వాళ్లు భయపడ్డారు, అంతే."